చెంగయ్య బోర్డు మీద కబడ్డీ

ఆ రోజు పొద్దున చెంగయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా చంద్రగిరి కబడ్డీ మైదానంలో బల్బుల బోర్డు నిలబెట్టాలి. సాయంత్రం ఫైనలు చూడటానికి తిరుపతి నుంచి దామోదరం వస్తాడు. వచ్చే నెల తిరుపతిలో జరిగే రాష్ట్రస్థాయి పోటీలకు దీపాల పని ఎవరికివ్వాలో తేల్చేది ఆయనే. ఆయన బోర్డు చూసి తల ఊపితే చాలు.

చెంగయ్య ఇరవై ఏళ్ళుగా చిత్తూరు చుట్టుపక్కల జాతరల్లో బల్బుల బొమ్మలు ఆడిస్తున్నాడు. రాగి రేకులు కొట్టిన చెక్క రోలరును మోటారు తిప్పుతుంటే, రేకు తగిలిన తీగల బల్బులు వెలుగుతాయి, మిగతావి ఆరిపోతాయి. చూసేవాళ్ళకు బొమ్మ కదిలినట్టుంటుంది. ఎంత బాగా ఆడించినా తనను పందిళ్ళవాడిగానే చూస్తారని అతనికి లోలోపల బాధ. ఆటల పోటీలకు పనిచేస్తే ఆ గౌరవమే వేరు. అందుకే నెల రోజులు కూర్చుని కబడ్డీ బొమ్మ కట్టాడు. ఎర్రటి ఆటగాడు కూతకొచ్చి ఆకుపచ్చ ఆటగాణ్ణి తాకుతాడు, పచ్చవాడు వెల్లకిలా పడతాడు, మళ్ళీ మొదలు. జాతర బోర్డుల్లో అమ్మవారు ఎరుపు, పడిపోయే రాక్షసుడు పచ్చ. చేతికి అలవాటైన రంగులే వేశాడు. ఇన్నేళ్ళలో ఏ దేవుడూ రంగుల గురించి పేచీ పెట్టలేదు.

పొద్దు వాలగానే స్విచ్చి వేశాడు. జనం ఈలలు వేశారు. ఆ ఈలలు ఆగకముందే చంద్రగిరి జట్టు ఆకుపచ్చ బనియన్లతో, సత్యవేడు జట్టు ఎర్ర బనియన్లతో మైదానంలోకి దిగాయి. చెంగయ్య బోర్డు వంకా, బనియన్ల వంకా మార్చి మార్చి చూశాడు.

పోటీల కార్యదర్శి తిరుమలయ్య పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందప్పా చెంగయ్యా! ఆట మొదలు కానే లేదు, మావాడు అప్పుడే ఆరుసార్లు పడినాడు!"

"అది బొమ్మ కదా సామీ."

"బొమ్మయితే ఏంది? మా ఊర్లో, మా కరెంటుతో మావాణ్ణే పడేస్తావా? మార్చు!"

చెంగయ్య నిచ్చెనెక్కి బల్బులకు చుట్టిన రంగు కాగితాలు తారుమారు చేశాడు. ఇప్పుడు పచ్చవాడు వచ్చి ఎర్రవాణ్ణి పడేస్తున్నాడు. చంద్రగిరి జనం చంకలు గుద్దుకున్నారు. రెండు లారీల్లో వచ్చిన సత్యవేడు జనం లేచి నిలబడ్డారు. వాళ్ళ పెద్ద ఆదిమూలం వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"దిగు కిందికి! ఇంతసేపు మావాడు బాగానే ఆడతా ఉండె. నువ్వెక్కినాక ఎట్ల పడినాడు?"

"ఆయన మార్చమన్నాడు నాయనా."

"అట్లయితే ఆడ రెఫరీ ఏంటికి? నువ్వే ఈల ఊదుకో!"

చివరికి ఐదు నిమిషాలకొకసారి రంగులు మార్చేటట్టు రాజీ కుదిరింది. అది పది నిమిషాలు కూడా నిలవలేదు. మావాడు ఎక్కువసార్లు పడ్డాడంటే మావాడేనని ఇరువైపులా వేళ్ళు మడిచి లెక్కలు చెప్పారు. బోర్డే ఆపేస్తానని చెంగయ్య స్విచ్చి మీద చెయ్యి వేశాడు. మావాడు కింద పడి ఉండగా ఆపితే ఊరుకోమని రెండు ఊళ్ళూ ఒక్కటై అరిచాయి. అప్పటికే ఆట మొదలుపెట్టిన ఆటగాళ్ళు కూత మధ్యలో వదిలేసి బోర్డు కిందికి వచ్చారు. వాళ్ళ వెనకే రెఫరీ కూడా వచ్చాడు.

ముందు వరసలో దామోదరం కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆ మొహంలో ఏముందో తెలియలేదు. చెంగయ్యకు ఏడుపొచ్చింది. నెల రోజుల కష్టం కళ్ళముందే మట్టిలో కలుస్తోంది. కోపంతో నిచ్చెనెక్కి, ఉన్న కాగితాలన్నీ బరబరా పీకి పారేశాడు.

బోర్డు మీద ఒక తెల్లవాడు ఇంకో తెల్లవాణ్ణి తాకాడు. తాకినవాడు నిలిచాడు, రెండోవాడు పడ్డాడు.

"సూడు, గెలిచింది మావాడే!" అన్నాడు తిరుమలయ్య.

"మావాడే గదప్పా!" అన్నాడు ఆదిమూలం.

ఇద్దరూ సంతోషంగా చప్పట్లు కొట్టారు. జనం కూర్చుని, ప్రతిసారీ తమవాడే గెలవడం చూస్తూ మైమరిచిపోయారు. మైదానంలో ఎవరికెన్ని పాయింట్లని అడిగితే, తాను నిచ్చెన పట్టుకుని ఉన్నానని రెఫరీ చెప్పాడు. కప్పు రెండు ఊళ్ళకూ చెరి ఆర్నెల్లు ఇచ్చారు.

దామోదరం లేచి రాగానే చెంగయ్య చేతులు కట్టుకున్నాడు.

"తప్పయిపోయింది సామీ."

"తప్పేముండాదప్పా? వచ్చే నెల బోర్డు ఎత్తుకొని తిరుపతికి రా."

చెంగయ్య నమ్మలేకపోయాడు. "జట్ల బనియన్ల రంగులు ముందే చెప్తే..."

"జట్లా?" దామోదరం కళ్ళు ఇంకా బోర్డు మీదే ఉన్నాయి. "సరే, పిలిచినాం కాబట్టి వాళ్ళనూ రానీ."

ఆ పోటీలకు పదకొండు జట్లు వచ్చి, బోర్డు చూసి వెళ్ళాయట.