మొహమాటం లేని థర్మామీటర్

ప్రయోగం చేసి ఫలితం తెలుసుకోవడమంత అనాగరికం ఇంకోటి లేదు! ఫలితం ముందే తెలుసుకుని, తర్వాత ప్రయోగం చెయ్యాలి. తీరిక లేకపోతే అదీ అక్కర్లేదు.

నా మాట కొట్టిపారెయ్యకండి. జావాలో డియెంగ్ కొండ మీద, మబ్బులు హాజరు చెప్పకుండా కిటికీలోంచి లోపలికొచ్చే బడిలో, ఇరవై ఆరేళ్లుగా సైన్సు చెబుతున్నాను. శాస్త్రీయ పద్ధతంటే మా దగ్గరే చూడాలి. రికార్డు పుస్తకంలో ముందు 'నిర్ధారణ' రాస్తాం. దానికి సరిపోయేలా 'పరిశీలన' రాస్తాం. కింద చోటు మిగిలితే 'ఉద్దేశం'. ఎంత హాయి! స్పిరిట్ మిగులు, గాజుసామాను మిగులు, ఎవరి వేళ్లూ కాలవు.

మొన్న కారికా పండు, అదే మా కొండ బొప్పాయి, రసంలో నీలం లిట్మస్ కాగితం ముంచాం. ఎర్రబడాలి. మా కాగితం పదేళ్ల నాటిది, చెమ్మకి సొమ్మసిల్లి నీలంగానే ఉండిపోయింది. పిల్లలు కంగారుపడ్డారా? అబ్బే! స్కెచ్ పెన్నులు తీశారు. పుస్తకంలో బొమ్మకన్నా మా కాగితమే ఎర్రగా వచ్చింది!

దీనికంతటికీ పునాది మా జావా మర్యాద. పెద్దవాళ్లు ఏమన్నా మేం "ఇంగ్గిహ్" అంటాం. ఆ మాటకి అవునని అర్థం, విన్నానని అర్థం, తమరిక దయచేస్తే బాగుండునని కూడా అర్థం. 'మీరు చెప్పింది తప్పు' అన్న అర్థం మాత్రం చచ్చినా రాదు. మొహమాటం మా నరనరాన ఉంది. మా ఖర్మకొద్దీ థర్మామీటర్లో లేదు!

నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయని పుస్తకం అంటుంది. ఆ పుస్తకం రాసినవాళ్లు సముద్రం పక్కన కూర్చుని రాశారు. మేమేమో రెండు వేల మీటర్ల ఎత్తున కూర్చున్నాం. ఇక్కడ గాలి పలచన, నీళ్లు తొంభైమూడుకే కుతకుతలాడిపోతాయి. మా ఆవిడ నార్తికి సైన్సు రాదు గానీ, కొండ దిగువ వాళ్ల పుట్టింట్లో కన్నా ఇక్కడ బంగాళదుంపలు ఆలస్యంగా ఉడుకుతాయని తెలుసు. వంటింట్లో తెలిస్తే తప్పులేదు. బడిలో తెలియకూడదు!

అందుకే మా పిల్లలు థర్మామీటర్‌ని నీళ్లలోంచి తీసి, దీపం మంటకి ఒక్క క్షణం చూపిస్తారు. బుద్ధిగా వందకి ఎక్కుతుంది. ఈ ఏడాది రెండు పగిలాయనుకోండి. చదువన్నాక ఆ మాత్రం ఉంటుంది.

ఇంత చక్కటి బడికి వెనింగ్ దాపురించింది. ఎనిమిదో తరగతి, బంగాళదుంపలు పండించే ఇంటి పిల్ల. జిల్లా సైన్సు పోటీకి ఈసారి దాన్నే పంపాలనుకున్నాం. వాళ్లమ్మ కొత్త బూట్లు కూడా కొనేసింది. ఈ పిల్లేం చేసిందీ? రికార్డులో '93' అని రాసింది. మళ్లీ నీళ్లు కాచి, మళ్లీ '93' రాసింది. మూడోసారీ అంతే. కింద 'ఎందుకు?' అని రాసింది. ప్రశ్న గుర్తుతో సహా!

హెడ్మిస్ట్రెస్ బూ హర్యాతి నన్ను పిలిపించారు. మా దగ్గర ఆడవాళ్ల పేరుకి ముందు 'బూ', మగవాళ్ల పేరుకి ముందు 'పాక్' అనడం గౌరవం.

"ఏంటిది, పాక్ మర్సోనో? శనివారంలోగా పోటీకి పేరు పంపాలి. దాంతోపాటు రికార్డూ వెళ్తుంది. పుస్తకంలో ఒకటుంటే మన పిల్ల ఇంకోటి రాస్తుందా? పరువు పోదూ!"

"ఇంగ్గిహ్, బూ," అన్నాను. ఏ అర్థంతో అన్నానో నన్నడక్కండి.

వెనింగ్‌ని పిలిచి, "అమ్మడూ, దాన్ని వంద అని దిద్దెయ్యి," అన్నాను.

"వంద దగ్గర మరగలేదు కద్సార్?"

"నాకు తెలుసులేవే."

"మీకు తెలుసా!" కళ్లు ఇంతింత చేసింది. "మరి తెలిసి కూడా..."

ఆగిపోయింది. మొహమాటం! పిల్ల మరీ చెడిపోలేదని సంతోషించాను.

తెల్లారి రికార్డు తెరిచి చూద్దును కదా, అంకె దిద్దలేదు. కింద ఇంకో వాక్యం చేర్చింది: 'నీళ్లు 93 దగ్గర మరిగాయి. సార్ 100 దగ్గర మరిగించమన్నారు.'

దీపమైనా వెలిగించకుండా వంద రాసిన ఒక బుద్ధిమంతుణ్ణి పోటీకి పంపాం. వెనింగ్ పేరు కొట్టేసి పక్కన సంతకం పెట్టింది నేనే. తేదీ కూడా వేశాను.

సోమవారం పెసలు మొలకెత్తించే ప్రయోగం. వెనింగ్ గిన్నెలో దూది పరిచింది గానీ గింజలు వెయ్యలేదు. చేతులు కట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. ఎంత వినయం!

"సార్, మొలకలు ఎన్నో రోజున కనబడాలి?"

పుస్తకంలో మూడో రోజని ఉంది. మా చలికి వారమైనా పడుతుంది.

"మూడు," అన్నాను.

"ఇంగ్గిహ్, సార్."

మూడని రాసుకుంది. గింజల పొట్లం మడిచి, తడవని దూదితో సహా అల్మరాలో పెట్టేసి, తన చోట్లో కూర్చుంది.

నా పద్ధతి గెలిచింది! ఇన్నేళ్ల సర్వీసులో నా పాఠం ఇంత బాగా ఒంటబట్టించుకున్న పిల్ల ఇంకొకతె లేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి భోరున ఏడ్చాను. నార్తి ఏమైందని అడిగితే ఉల్లిపాయలన్నాను. పాఠకులారా, మీ ఇంట్లో తన కళ్లని తను నమ్మే పిల్ల ఇంకా ఎవరైనా ఉంటే, మీ కాళ్లు పట్టుకుంటాను, నా క్లాసుకి మాత్రం పంపకండి!