దవడ సర్కారుది, పళ్ళు సొంతం

గంగాలిన్ నివాసి గీతిక కింది దవడ పై దవడ కంటే ముందు నడుస్తోందన్న సంగతిని ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. గుర్తించడమే కాక, అందుకు విచారం కూడా వెలిబుచ్చింది. ఒక దవడ విషయంలో ఏ ప్రభుత్వమైనా ఇంతకంటే ఏం చేయగలదు?

గీతికది తెనాలి. చదువుకోడానికి ఈ పరాయి దేశం వచ్చి, పర్మనెంట్ రెసిడెన్సీ తెచ్చుకుని, ఒక ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు ఉద్యోగం చేసుకుంటూ, రోజూ ట్రామెక్కి ఆఫీసుకి వెళ్ళొచ్చే మనిషి. పుట్టిన ఊళ్ళో ఆ దవడను ఎవరూ జబ్బనుకోలేదు. తాతగారి పోలిక అన్నారు. ఆ తాతగారంటే పేటంతా హడల్ కాబట్టి, ఆడపిల్లకైనా సరే ఆ పోలిక రావడం ఇంటికి గౌరవమే అనుకున్నారు. ముప్ఫై దగ్గరపడేసరికి ఆ గౌరవం నొప్పెట్టడం మొదలుపెట్టింది. ముందు పళ్ళు ఒకదానికొకటి అందవు. జామకాయ కొరకడం కుదరదు. చపాతీని చాకుతో కోసుకోవాలి. ఆవలిస్తే చెవి పక్కన గడియ తీసిన చప్పుడు. సాయంత్రమయ్యేసరికి కణతలు పగిలిపోయేంత తలనొప్పి. మెత్తగా పిసికిన పప్పన్నం తినీ తినీ, పక్కింటి ఏడాది పిల్లకి తనకంటే మంచి తిండి దొరుకుతోందని ఒకరోజు భర్త దీక్షిత్ దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

దీక్షిత్‌ది కరీంనగర్. ప్రతి కష్టానికీ ఎక్కడో ఒక వెబ్‌సైటు ఉంటుందని నమ్మే ఐటీ మనిషి. "ఫికర్ చెయ్యకు. ఈడ పబ్లిక్ హెల్త్ వరల్డ్ క్లాస్ ఉంటది. జీపీ, అంటే మన ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పెద్దాసుపత్రికి రెఫరల్ తీస్కో, అయిపోతది," అన్నాడు. ఆ మాట అన్ననాటికి అతనికి నెత్తిన జుట్టుండేది.

రెఫరల్ వెళ్ళింది. పెద్దాసుపత్రి నుంచి మర్యాదగా జవాబొచ్చింది. మీ అభ్యర్థన అందింది, దాని గురించి దయచేసి మమ్మల్ని అడగవద్దు. అడగకుండా రెండు చలికాలాలు గడిచాయి. ఒకసారి ధైర్యం చేసి ఫోన్ చేస్తే, అవతలి అమ్మాయి ఎంతో ప్రేమగా, మీరింకా వెయిటింగ్ లిస్టులో లేరండీ అని చెప్పింది. స్పెషలిస్టు చూసి లిస్టులో వేస్తేనే నిరీక్షణ మొదలైనట్టు. ఇప్పటిదాకా గీతిక చేసింది నిరీక్షణ కాదు, ఊరికే బతకడం. ఈ పద్ధతిలో లెక్కవేస్తే నిరీక్షణ కాలం ఎప్పుడూ అదుపులోనే ఉంటుంది.

మొత్తానికి స్పెషలిస్టు దర్శనమైంది. అందం మాటెత్తితే కేసు అక్కడే కొట్టేస్తారని దీక్షిత్ ట్రాములో దారిపొడుగునా పాఠం చెప్పాడు. గీతిక ఆసుపత్రి గుమ్మంలో లిప్‌స్టిక్ కూడా తుడిచేసుకుంది. అనుకున్నట్టే డాక్టరు మొదట అడిగింది, ఇదంతా రూపం కోసమా అని. కాదండీ, తిండి కోసం అంది. అది నిజమే. పెళ్ళి ఆల్బములో ఒక్క ఫోటోలోనైనా ఆమె పక్కకి తిరిగి లేదన్నదీ నిజమే. రెండో నిజాన్ని ఆమె లోపలే దాచుకుంది. నమలలేకపోతే జబ్బు, అద్దం చూసుకోలేకపోతే సరదా. నిబంధనలు ఆ మాత్రం స్పష్టంగా ఉండాలి మరి.

డాక్టరు సంతోషించి, కుర్చీలో వెనక్కి వాలి చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. "మీ దవడ పూర్తిగా మా బాధ్యత. దాని మీద మీకు ఒక్క సెంటు ఖర్చుండదు. పళ్ళు మాత్రం మీ సొంత విషయం. ముందు బయట క్లిప్పులు వేయించుకుని పళ్ళు సిద్ధం చేసుకుని రండి."

దవడ శరీరంలో భాగం. అందులో పాతుకున్న పళ్ళు కాదు. పునాది సర్కారు పోరంబోకు, పైన లేచిన ఇల్లు సొంతం. ఆస్తి తగాదాలు తెలిసిన కుటుంబం నుంచి వచ్చింది కాబట్టి గీతికకు ఇది వెంటనే అర్థమైంది.

క్లిప్పులు వేసే డాక్టరమ్మ, ఆపరేషన్ తేదీ చెబితే గానీ తీగ బిగించనంది. ఆపరేషన్ డాక్టరేమో, పళ్ళు సిద్ధమైతే గానీ తేదీ ఇవ్వనన్నాడు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. ఇద్దరి మధ్యా గీతిక రాయబారాలు నడిపింది. చివరికి డాక్టరమ్మే జాలిపడి తీగ బిగించింది. దవడను వెనక్కి జరపాలంటే ముందు పళ్ళ వరుసను ఇంకా ఎడంగా చేయాలని, అంటే బాగుపడే ముందు బాగా చెడాలని ఆవిడ వివరించింది. గీతిక ప్రభుత్వ శాఖలో పనిచేస్తోంది కాబట్టి ఆశ్చర్యపోలేదు.

పళ్ళు చక్కగా చెడి సిద్ధమయ్యాయి. ఈలోపు ఆపరేషన్ డాక్టరు ఎక్కడో దూరాన డార్విన్ ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు.

వెనక వీధి సత్యభామ ఆంటీకి ఇదంతా చూసి కడుపు తరుక్కుపోయింది. ఆవిడది విజయవాడ. గంగాలిన్ తెలుగువాళ్ళందరి ఆరోగ్యమూ ఆవిడ నోటనే ఉంటుంది. "నీకెందుకే ఈ తిప్పలు? టికెట్ కొనుక్కుని హైదరాబాద్ పో. పది రోజుల్లో దవడ సెట్టయిపోద్ది, పట్టుచీరలు కూడా తెచ్చుకోవచ్చు," అంది. ఆ వెంటనే వీడియో కాల్‌లో ఊళ్ళో ఉన్న తన చెల్లెలు కనబడితే, మాకిక్కడ ఆస్పత్రంతా ఫ్రీయే అని గర్వంగా చెప్పింది. ఆవిడ రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అంది. వైద్యం ఉచితమని ఇక్కడ గర్వపడటం, పన్ను అక్కడ పీకించుకోవడం మనవాళ్ళందరికీ అలవాటే.

"ట్యాక్స్ ఇక్కడ కడుతున్నానాంటీ. దవడ కూడా ఇక్కడే," అంది గీతిక. ఆవిడ ఆమె వంక, తిరుపతి కొండ మోకాళ్ళ మీద ఎక్కుతానని మొక్కుకున్నవాళ్ళని చూసినట్టు చూసింది.

ఆసుపత్రి ఫోన్లు నంబరు కనబడకుండా వస్తాయి. ఎత్తకపోతే లిస్టులో పేరు కిందికి జారుతుంది. అందుకని గీతిక ఫోనును స్నానాలగదికీ, గుడికీ, ఆఫీసు మీటింగుకీ తీసుకెళ్ళింది. సోలార్ ప్యానెళ్ళు అమ్మేవాళ్ళతోనూ, పన్ను ఎగ్గొట్టావు అరెస్టు చేస్తామని బెదిరించే మోసగాళ్ళతోనూ ఎంతో వినయంగా మాట్లాడింది. ఒక మధ్యాహ్నం అసలు ఫోనే వచ్చింది. ఎవరో ఆపరేషన్ మానుకున్నారు, రేపు పొద్దున పరగడుపున రాగలరా అని.

వ్యంగ్యానికి నష్టమే అయినా నిజం చెప్పక తప్పదు. ఆపరేషన్ అద్భుతంగా జరిగింది. కొత్త డాక్టరు హస్తవాసి గొప్పది, నర్సులు సొంత అక్కల్లా చూసుకున్నారు. ఒక్క సెంటు అడగలేదు. మొహం పనసకాయలా వాచి, మెల్లగా వాపు తగ్గి, అద్దంలో కొత్త మనిషి కనిపించింది. గీతిక మొదటిసారి పక్కకి తిరిగి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. ఆరు వారాలు మాత్రం దవడలు రెండూ రబ్బరు బ్యాండ్లతో బిగించి ఉంచారు. చారు, రాగిజావ సిరంజితో లోపలికి వెళ్ళాలి. మాట బయటికి రాకూడదు.

సరిగ్గా ఆ వారాల్లోనే గంగాలిన్ తెలుగు సమాఖ్య, స్కూలు హాల్లో ఆరోగ్య అవగాహన సదస్సు పెట్టింది. అధ్యక్షులు పాండురంగగారు స్వయంగా ఇంటికొచ్చి గీతికను ముఖ్య అతిథిగా పిలిచారు. తను మాట్లాడే వీల్లేదు కదా అని దీక్షిత్ గుర్తుచేస్తే, అందుకే కదా పిలుస్తున్నది అన్నట్టు నవ్వారు. గీతిక ఒప్పుకుంది. చెప్పాల్సింది ఆమెకి చాలా ఉంది. ఇన్నేళ్ళు పట్టకూడదని, లిస్టులోకి రాకముందు మనిషికి పడే నొప్పి కూడా నొప్పేనని, మనందరం కలిసి ఒక్క మాట అడుగుదామని ఫోనులో పెద్ద అక్షరాలతో టైపు చేసుకుంది.

వేదిక మీద ఆ ఫోను పాండురంగగారి చేతికిచ్చి, చదవమని సైగ చేసింది. ఆయన దాన్ని పైకెత్తి, ఆమె పక్కన నిలబడి సెల్ఫీ తీసి, తిరిగి ఇచ్చేశారు. ఆమె మళ్ళీ అందించబోయింది. "ఒకటి చాలమ్మా," అన్నారు.

తర్వాత మైకు అందుకున్నారు. "సభకు నమస్కారం. ఈ సోదరిని చూడండి. ఇన్ని సంవత్సరాలలో మన వైద్య వ్యవస్థ మీద ఈమె నోటివెంట ఒక్క ఫిర్యాదు వచ్చిందా? ఇప్పుడైనా వస్తోందా? దీన్ని అంటారు సంతృప్తి!"

హాలు చప్పట్లతో మారుమోగింది. గీతిక లేచి నిలబడి గొంతులోంచి ఏదో అంది. అది "మ్‌మ్‌మ్" అని వినిపించింది. ధన్యవాదాలు చెబుతున్నారని పాండురంగగారు అనువదించారు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటినీ ఆయన ఆనందబాష్పాలుగా ప్రకటించారు.

ఇక ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నారు. ముందు వరసలో సత్యభామ ఆంటీ, ఎప్పుడు పిలుస్తారో తెలియని మోకాలిని ఎదుటి కుర్చీ మీద చాపుకుని కూర్చుంది. ఆవిడ పక్కన కంటి పొర తీయించుకోవాల్సిన పెద్దాయన, ఆ వెనక నడుము పట్టేసినవాళ్ళు, చెవి వినబడనివాళ్ళు. ఎవరి దవడకీ రబ్బరు బ్యాండు లేదు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్రశ్నలు లేవని కార్యదర్శి రాసుకున్నాడు. అందరం బిర్యానీకి లేచాం.