స్ఫూర్తి పొందవచ్చు

మంత్రి జానకిరామయ్య గారు ఆమధ్య ఫిల్మ్‌నగర్‌లో చారిత్రక ప్రకటన చేశారు. పదో తరగతి పాఠాలన్నీ వెబ్‌సైట్‌లో పెట్టామని, ఎవరైనా ఉచితంగా తీసుకుని పంచుకోవచ్చని, అడిగేవాడే లేడని అన్నారు. ఆయన ప్రెస్ నోట్లు రాసేది నేనే కాబట్టి, అందరికంటే ముందు చప్పట్లు కొట్టిందీ నేనే.

ఇక వెబ్‌సైట్‌కి వాడుక నిబంధనలు కావాలి. అవి మామూలు మనిషికి అర్థం కావాలని మంత్రిగారి పట్టుదల. లాయరు రాస్తే లాయర్లకే అర్థమవుతుందని, జూబ్లీ హిల్స్‌లో ఉండే సినిమా డైలాగ్ రైటర్ విహారిని పిలిపించారు. అంత దూరదృష్టి నేనెక్కడా చూడలేదు.

నా డ్రాఫ్ట్ ఒక్కటే వాక్యం: "ఈ పాఠాలను ఎవరైనా కాపీ చేసుకోవచ్చు." విహారి అది చదివి కళ్లజోడు తీసేశాడు.

"కాపీ అనే మాట మా ఇండస్ట్రీలో వాడమండీ. కేసులవుతాయి."

"మరేమంటారు?" అన్నాను.

"స్ఫూర్తి అంటామండీ."

మంత్రిగారు తలూపారు. "గిది క్లాస్‌గ ఉంది. గదే పెట్టుండ్రి."

అలా "ఈ పాఠాల నుంచి ఎవరైనా స్ఫూర్తి పొందవచ్చు" అన్న నిబంధన వెబ్‌సైట్‌కెక్కింది.

యూసుఫ్‌గూడలో తెరెసా అని లెక్కల టీచర్. ఆమె క్లాసులో ముప్ఫైమందికి ఇంట్లో ఫోన్ లేదు. సోమవారం లెక్కల పరీక్ష. శుక్రవారం ఆమె పాఠాలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోచయ్య జిరాక్స్ షాపుకి వెళ్లింది. పోచయ్య పోయిన నెలే ఎవరిదో గైడు జిరాక్స్ తీసి పోలీస్ స్టేషన్ చూసొచ్చిన మనిషి. వెబ్‌సైట్ తెరిచి నిబంధన రెండుసార్లు చదివాడు.

"స్ఫూర్తి పొందొచ్చని ఉంది మేడం. జిరాక్స్ తీయొచ్చని ఏడుంది?"

"రెండూ ఒకటేనండీ."

"గట్లైతే గదే రాయించుకొని రాండ్రి."

తెరెసా వెబ్‌సైట్‌లో ఉన్న మా ఆఫీసు నంబరుకి, అంటే నాకు, ఫోన్ చేసింది. "కాపీ తీసుకోవచ్చని ఒక్క ముక్క రాసివ్వండి సార్. పిల్లలకి రెండు రోజులే ఉన్నాయి." నాకు నిజంగా జాలేసింది. కానీ ఆ మాట వాడరాదని ఆఫీసులో ఆర్డరుంది. ఫైలు విహారికి పంపాను. ఆయన షూటింగ్‌లో ఉండి కూడా, నిబంధన మరింత స్పష్టంగా ఉండాలని "మనసారా" అన్న మాట చేర్చి ఆదివారం సాయంత్రం తిప్పి పంపాడు.

బుధవారం సభ పెట్టి, ప్రభుత్వ పాఠాల నుంచి మనసారా స్ఫూర్తి పొందిన తొలి ఉపాధ్యాయినిగా తెరెసాకు మంత్రిగారే స్వయంగా శాలువా కప్పారు.

"ఇంతకీ జిరాక్స్ తీసుకోవచ్చా అండీ?" అని ఆమె మెల్లగా అడిగింది.

"ఎన్నైనా తీస్కోమ్మా, ఫికర్ చెయ్యకు. పరీక్ష ఎప్పుడు?"

"మొన్ననే అయిపోయిందండీ."

"మరి పిల్లలు ఏం రాసిండ్రు?"

"పేరు రాసి వచ్చేశారండీ."