స్పారో ఫోర్, వినిపిస్తోందా?

పోలీసు వైర్‌లెస్ సెట్ గరగరను మించిన సంగీతం ఈ భూమ్మీద లేదని ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను.

నవ్వుతున్నారా? మీ కిటికీ కింద పోలీసు జీపు లేదు కాబట్టి నవ్వుతున్నారు. మా కిటికీ కింద ఉంది. సరిగ్గా పన్నెండు అడుగుల కింద, గోడకు ఆనుకుని, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఉంటుంది. నాలుగు రోడ్ల కూడలిని కనిపెట్టుకుని ఉండడం దాని డ్యూటీ. అందులో సెట్ రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. మొదటి నెల చెవుల్లో దూది పెట్టుకున్నాను. రెండో నెల స్టేషన్‌కు అర్జీ పెట్టుకున్నాను. మూడో నెల దూది తీసి పారేసి, కుర్చీ కిటికీ దగ్గరకు జరుపుకున్నాను.

ఎందుకంటారా? ఆ సెట్‌లో నాకు ఆదర్శ సమాజం కనిపించింది, అంటే వినిపించింది.

అక్కడ ఎవరికీ పేర్లుండవు. కాల్‌సైన్లుంటాయి. అందరికంటే పెద్ద అధికారి ఈగల్ వన్. ఆయన కింద ఉన్నవాళ్ళు ఈగల్ టూ, ఈగల్ త్రీ. మా కిటికీ కింద జీపు స్పారో ఫోర్. అసలు గొప్పతనం ఎక్కడుందంటే, కాల్‌సైన్ మనిషిది కాదు, సీటుది! ఏడాదిలో ముగ్గురు పెద్ద అధికారులు బదిలీ అయ్యారు. ఈగల్ వన్ మాత్రం అలాగే ఉన్నాడు. ఎవరు కూర్చుంటే వాడే ఈగల్ వన్. జీపులో ఎవరు మైకు పట్టుకుంటే వాడే స్పారో ఫోర్. నువ్వెవరు, ఎవరబ్బాయివి, ఏం చదివావు అని అడిగేవాడు లేడు.

మా చిన్నత్తకు ముగ్గురు కొడుకులు. పదిహేనేళ్ళుగా వాళ్ళ పేర్లు ఒకరివి ఒకరికి పెట్టి పిలిచి చీవాట్లు తింటున్నాను. బావ వన్, బావ టూ, బావ త్రీ అని ఉంటే నాకీ అవస్థ ఉండేదా?

చివరికి పోలీసు కుక్కకు కూడా కాల్‌సైన్ ఉంది. హాక్ సెవెన్. అది ఎక్కడుందో, తిన్నదో లేదో గంట గంటకూ కంట్రోల్ రూమ్ వాకబు చేస్తుంది. నా గురించి అలా వాకబు చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఆలోచించి, ఆలోచించడం మానేశాను.

ఇక మాట మర్యాద చూడండి. ముందు ఎవరిని పిలుస్తున్నారో వాళ్ళ కాల్‌సైన్ చెప్పాలి. తర్వాత తమది చెప్పాలి. తర్వాత విషయం. చివర ఓవర్. ఓవర్ అనేదాకా అవతలివాడు నోరు విప్పకూడదు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో ఈ ఒక్క ముక్క అమలైతే పార్కింగ్ గొడవ ఆరేళ్ళ క్రితమే తేలిపోయేది.

విన్నవాడు ‘రిసీవ్డ్’ అనాలి. అని ఊరుకుంటే చాలదు, విన్నది తిరిగి అప్పజెప్పాలి. కంట్రోల్ రూమ్‌లో దాన్ని టైమ్‌తో సహా పుస్తకంలో రాసుకుంటారు. రిసీవ్డ్ అని జవాబు రాకపోతే చెప్పినవాడు మళ్ళీ చెప్పాలి. అప్పటికీ రాకపోతే మళ్ళీ. జవాబు వచ్చేదాకా చెప్తూనే ఉండాలి. అది రూలు. అయ్యా, ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను చెప్పిన ఒక్క మాటనైనా ఎవరైనా ఇలా టైమ్ వేసి రాసుకున్నారా?

ఈ జ్ఞానమంతా నా సొంతం కాదు. మా మామగారి దగ్గర నేర్చుకున్నది. ఆయన పోలీసు కంట్రోల్ రూమ్‌లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా ముప్ఫై ఒక్క ఏళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని రిటైరయ్యారు. మూడేళ్ళుగా మా దగ్గరే ఉంటున్నారు. ఈమధ్య మతిమరుపు వచ్చిందని మేము తీర్మానించాం. ఒకే ప్రశ్న నాలుగేసిసార్లు అడుగుతారు. కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికిన రోజు కూడా ఉంది. పోయిన నెల చెప్పా పెట్టకుండా వెళ్ళి, ఊరి అవతల బస్ డిపోలో బెంచీ మీద కూర్చుని దొరికారు. వెతకడానికి ఐదు గంటలు పట్టింది. మా ఆవిడ ఆ రోజు ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. అప్పటినుంచి ఆయన జేబులో మా ఫోన్ నంబర్ రాసిన కాగితం, మా గేటుకు గడియ.

ఈ ఆదర్శ సమాజాన్ని ఇంట్లో కూడా స్థాపిద్దామని నేను ప్రయత్నించకపోలేదు. మా ఆవిడకు ‘కంట్రోల్’ అనే పదవి ఇచ్చాను. నేను హోమ్ టూ. మొదటి రోజే హాల్లోంచి పిలిచాను.

“కంట్రోల్, హోమ్ టూ. కాఫీ అయిందా? ఓవర్.”

“అయింది. చల్లారింది కూడా. లేచి వచ్చి తాగండి.”

ఓవర్ అనలేదు. ఉద్యమం అక్కడితో ఆగింది. మామగారు ఒక్కరే తన గదిలోంచి, “హోమ్ టూ, మీ మెసేజ్ స్పష్టంగా వినిపించింది” అన్నారు. నేను వినిపించుకోలేదు.

ఇక గురువారం మధ్యాహ్నం సంగతి. మా ఆవిడ వచ్చి భుజం పట్టి కుదిపింది.

“ఏవండీ, నాన్న ఇంట్లో లేరు. గేటు గడియ తీసి ఉంది.”

నేను పార్కుకు పరిగెత్తాను, మంగలి షాపుకు వెళ్ళాను, లైబ్రరీలో తొంగిచూశాను. మా ఆవిడ బస్ డిపోకు ఫోన్ చేసింది, క్లినిక్‌కు వెళ్ళొచ్చింది. కింద జీపు దగ్గరకు కూడా వెళ్ళింది. డ్రైవర్ సీటు ఖాళీ. చుట్టుపక్కల ఒక్క కానిస్టేబుల్ లేడు. వెనక సీటు కిటికీకి దట్టమైన ఇనుప జాలి, లోపల చీకటి. పోలీసుల్నే ఎవరో ఎత్తుకుపోయారనుకుని పైకి వచ్చేసింది.

మరి పోలీసు ఎమర్జెన్సీ నంబర్ ఉండనే ఉంది కదా! చేశాను. ‘మీ కాల్ మాకెంతో ముఖ్యం’ అంది ఒక తీయని కంఠం. తర్వాత వేణువు. మళ్ళీ ముఖ్యం, మళ్ళీ వేణువు. కిటికీ దగ్గర నా కుర్చీలో కూర్చుని నలభై నిమిషాలు విన్నాను. ఇది కూడా వరమే సుమండీ. నేను ఇంత ముఖ్యమైనవాణ్ణని అంతసేపు చెప్పినవాళ్ళు నా జన్మలో లేరు. మా ఆవిడ మాత్రం ఆ పక్కనే నిలబడి తండ్రి చెప్పుల జతలు లెక్కపెడుతోంది. ఏ చెప్పులు వేసుకెళ్ళారో తెలిస్తే ఎంత దూరం వెళ్ళారో తెలుస్తుందట.

చివరికి ఒక అమ్మాయి పలికింది. గుర్తులు చెప్పమంది. చొక్కా ఏ రంగు అని అడిగింది. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ చెప్పింది.

“లైన్లో ఉండండి సార్. మీ ఏరియా బండికి చెప్తున్నా.”

తర్వాత ఆ అమ్మాయి గొంతు నా చెవి దగ్గరి ఫోన్లోంచి ఒకసారి, కిటికీ కింద జీపులోంచి ఇంకోసారి వినిపించింది.

“స్పారో ఫోర్, కంట్రోల్. వినిపిస్తోందా? ఓవర్.”

“కంట్రోల్, స్పారో ఫోర్. స్పష్టంగా వినిపిస్తోంది. చెప్పండి. ఓవర్.”

“మీ పాయింట్ దగ్గర ఒక మనిషి మిస్సింగ్. మగ, వయసు డెబ్బై నాలుగు. గళ్ళ చొక్కా, లావు కళ్ళజోడు, మతిమరుపు ఉంది. వెంటనే వెతకండి. ఓవర్.”

“రిసీవ్డ్. మగ, వయసు డెబ్బై నాలుగు. గళ్ళ చొక్కా, లావు కళ్ళజోడు.” కాసేపు గరగర. “మతిమరుపు అన్నది ఖాయమేనా, ఇంటివాళ్ళను కనుక్కోండి. ఓవర్.”

“సార్, మతిమరుపు ఖాయమేనా అని మా స్టాఫ్ అడుగుతున్నారు.”

“ఖాయమేనమ్మా” అన్నాను.

మా ఆవిడ అప్పటికే సగం కిటికీలోంచి బయటకు వంగిపోయింది. “నాన్నా!” అని ఒక్క కేక పెట్టింది.

“కంట్రోల్, స్పారో ఫోర్” అన్నారు కింద జీపు వెనక సీట్లోంచి మామగారు, గొంతులో ఏ తొందరా లేకుండా. “మనిషి దొరికాడు. కూతురు పైనుంచి పిలుస్తోంది. టైమ్ మూడూ ఇరవై. రాసుకోండి. ఓవర్.”

మేము కిందికి దిగేసరికి హెడ్ కానిస్టేబుల్ కూడా చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ దారిన ఈగల్ వన్ వస్తున్నారని కబురొచ్చింది. బండి అక్కడే వదిలి, ఉన్నవాళ్ళంతా వచ్చి పక్క రోడ్డు మీద జనాన్ని ఆపడానికి తాడు పట్టుకోమన్నారు.

“పెద్దాయన గేటు దగ్గర నిలబడి ఉన్నారండి. రోజూ మాట్లాడే మనిషే కదా, రెండు నిమిషాలు సెట్ చూస్తూ ఉండండి అన్నాను. ఆ రెండు నిమిషాలు రెండున్నర గంటలయ్యాయి.”

ఆ రెండున్నర గంటల్లో స్పారో ఫోర్ రెండుసార్లు హాజరు పలికింది. అడ్డంగా ఆగిపోయిన లారీ గురించి చెప్పి క్రేన్ తెప్పించింది. మెసేజ్‌లు బాగా ఇస్తున్నారని కంట్రోల్ నుంచి మెచ్చుకోలు కూడా అందుకుందట. ఆ జీపు వచ్చినప్పటినుంచి అలాంటిది ఇదే మొదటిసారని హెడ్ కానిస్టేబుల్ కొంచెం చిన్నబుచ్చుకుంటూ చెప్పాడు.

చూశారా వ్యవస్థ గొప్పతనం? వెతుకుతున్న నాకు కాల్‌సైన్ లేదు, కాబట్టి నలభై నిమిషాలు వేణువు. తప్పిపోయిన ఆయనకు ఉంది, కాబట్టి రెండు సెకన్లలో జవాబు! ఈ లెక్కన తప్పిపోయినవాడే హాయిగా ఉన్నాడు.

సాయంత్రం మామగారిని నిలదీశాను. “మేము ఎంత కంగారు పడ్డామో తెలుసా? ఒక్క మాట చెప్పి వెళ్ళచ్చు కదా?”

“చెప్పాను అల్లుడు గారూ. కిందికి వెళ్తున్నానని నాలుగుసార్లు చెప్పాను. మీరు పేపర్ చదువుకుంటున్నారు. డిపోకి వెళ్ళిన రోజు కూడా అంతే. పాత స్నేహితుడు బస్సు దిగుతాడు, వెళ్ళొస్తానని చెప్పే వెళ్ళాను.” కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నారు. “ఇవాళ బాగుంది. ఏం చెప్పినా రిసీవ్డ్ అంటున్నారు.”

నాలుగుసార్లు! జవాబు రాకపోతే మళ్ళీ చెప్పాలి, వచ్చేదాకా చెప్తూనే ఉండాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళు పాటించిన రూలును ఆయన మా ఇంట్లోనూ పాటిస్తున్నారు. దానికి మేము పెట్టిన పేరు మతిమరుపు.

ఇంకో సంగతి ఉంది. మా ఆవిడకు ఇంతవరకూ చెప్పలేదు, మీకు చెప్తున్నాను. నలభై నిమిషాలు నేను కిటికీ దగ్గర కూర్చున్నాను కదా? ఆ సమయంలో కింద లారీ వచ్చింది, క్రేన్ వచ్చింది. అంటే మామగారు ఆ సెట్‌లో మాట్లాడుతూనే ఉన్నారు. ఎక్కడో ఊరి అవతల కంట్రోల్ రూమ్‌కు వినిపించిన గొంతు పన్నెండు అడుగుల పైన నాకు వినిపించలేదు. నిజం చెప్పాలంటే వినిపించింది. మూడేళ్ళ అలవాటు కొద్దీ పట్టించుకోలేదు.

ఇది రాస్తుంటే మామగారు గదిలోంచి, ఇవాళ ఏ వారం అని అడుగుతున్నారు. సోమవారం అని అరిచి చెప్పాను. రిసీవ్డ్ అన్నారు. పది నిమిషాలైంది, మళ్ళీ అడగలేదు.