ఫెర్మిన్ వారి చూపుడువేలు దిగివచ్చిన ఘట్టము

వినుడు, రసికులారా! చెవులున్నవారు చెవులొగ్గి వినుడు, నిద్రపోవువారు పక్కవారినడిగి తెలిసికొనుడు! నెవాడా సీమను, ఎల్కో పట్టణమున, రూబీ పర్వతపంక్తి శిరమున హిమకిరీటము కరుగ మొదలిడిన మే మాసమున, వెల్లుల్లి చారు కుతకుత ఉడుకుచున్న ఒకానొక వంటింట, పూల మైనపుగుడ్డ పరచిన బల్లపై, తండ్రీకూతుళ్ళ నడుమ చెలరేగిన తుములసంగ్రామమును గానము చేయుచున్నాను. ఆ రణమున రక్తము చిందలేదు. చారు మాత్రము కొద్దిగా చిందినది.

బల్లకు తూర్పున ఆసీనుడైనవాడు, గొర్రెలమందలను కొండలెక్కించి దించుచు ఎనిమిది పదులు గడపినవాడు, ఐరోపా కొండసీమల బాస్కు కులోత్తంసము, ఉన్నిటోపీధారి, జానుద్వయమందు దక్క సర్వాంగములందును వజ్రసారుడు, ఫెర్మిన్ ఎచెవెరియా. పడమట నున్నది ఆయన ఏకైక పుత్రిక మైతే, బడిబస్సు సారథి, ముప్పదిమంది పిల్లల కోలాహలమునకు చలించని ధీర. పదేళ్ళ ప్రాయము నుండి ప్రతి శరత్తునందును ఆమె తండ్రి వెంట జింకవేటకు పోయినది. పోయిన ఏడు సగము కొండలో ఆయన మోకాలు మొరాయించగా, పొద్దుగూకువరకు ఒక బండపై కూర్చుండి, కూతురి భుజము పట్టుకొని దిగివచ్చి, "నా వేట అయిపోయింది" అని చలికాలమంతయు మూతి ముడుచుకొని యుండెను.

ఈ ఏడు ఆయనను ఎటులైనను వెంటబెట్టుకొని పోవలెనని మైతే పంతము. పోవలెనన్న కొండ దిగువకు, సేజ్ పొదల నడుమకు, కూర్చుండి ఆడదగిన వేటకే పోవలెను. వేట అనుమతుల లాటరీకి ఇద్దరి పేర్లును కలిపి, ఒకే తావు కోరి పంపవలెను. గడువు ఆ సాయంకాలమే. ఇదియే సమరకారణము.

మైతే ఆ కొండల పటము పరచినదో లేదో, ఫెర్మిన్ వారి కుడిచేతి చూపుడువేలు గగనమున లేచి, పటమునందెల్ల అత్యున్నతమైన ఆస్పెన్ కనుమపై వ్రాలి, అచటనే పాతుకొనిపోయెను.

"ఇక్కడికే," అన్నాడాయన.

"అది కాదు ఐతా," అని బాస్కు నుడిలో తండ్రిని పిలిచి, మైతే పటము దిగువను చూపెను. "ఈ ఉప్పువాగు చూడు. పైన మంచు పడగానే జింకలే కిందికి దిగొస్తాయి. మనం ఎక్కి ఆయాసపడేదేంటి, వాటినే రమ్మందాం."

"ఓ పుత్రికా! శిఖరసంచారియగు హరిణేంద్రమును విడిచి, నిమ్నభూములందు నీచవృత్తి నవలంబించుటకన్న ఈ దేహము శిలయై పోవుట మేలు!" అని ఆయన గర్జించెనని పాడవలెనని నాకును ఉన్నది. కాని ఆయన నిజముగా అన్నది ఇంతే:

"కింద కుందేళ్ళే తిరుగుతాయే తల్లీ. పెద్ద కొమ్ములోడు దిగడు. పైన కూర్చుని మనల్ని చూసి నవ్వుతుంటాడు."

"నవ్వనీ. నీ మోకాళ్ళు—"

అయ్యో మైతే! ఎంత మాట అంటివి! మోకాళ్ళ పేరు చెవిని పడినంతనే ఆ వేలి కొస తెల్లబారునంతగా పటమును అదిమెను. అంతటితో వాదశరములన్నియు వ్యర్థములయ్యెను. భోజనము వచ్చెను, వేలు లేవలేదు. ఫెర్మిన్ వారు ఎడమచేత గరిటెడు చారు జుర్రబోయి, పావువంతు పటముపై ఒలకబోసిరి. ఎడమచేతనే చోరిసో మాంసపు ముక్కలు తినిరి, ఎడమచేతనే ఎర్రసారాయము తాగిరి. ఇల్లాలు గ్రాసియానా బల్ల తుడువ వచ్చి, కదలని ఆ వేలి చుట్టును గుడ్డ తిప్పి తుడిచిపోయెను. అలవాటే కాబోలు.

కడకు మైతే అస్త్రములన్నియు దించివేసి నిజమే పలికెను.

"నాకు జింక దొరక్కపోయినా ఫర్వాలేదు ఐతా. పోయినేడు నువ్వా బండ మీద ఒక్కడివే కూర్చుంటే చూడలేకపోయాను. నువ్వు లేకుండా నేను పోను. పోలేను."

వేలి అదుము కొంత సడలినది. అయినను లేవలేదు. ఫెర్మిన్ వారు గోడ వంక చూచుచు గొణిగిరి.

"నాకు మాత్రం రావాలని లేదనుకున్నావా? కింద వేటాడానని తెలిస్తే శనివారం పేకాటలో ఆ బెన్యాత్ గాడు నన్ను బతకనిస్తాడా? 'ట్రక్కు కిటికీలోంచి కాల్చావా ముసలాడా' అని ఊరంతా టముకు వేస్తాడు. నాకంటే పెద్దోడు, వాడింకా కనుమ ఎక్కుతున్నాడు!"

అంతట పొయ్యి దగ్గర ఒక విచిత్రధ్వని వినవచ్చెను. గ్రాసియానా నవ్వుచుండెను.

"ఎవరూ, బెన్యాతా? కనుమ ఎక్కుతున్నాడా? ఏమయ్యా, వాడు కొన్నేళ్ళుగా ఉప్పువాగు వంపులో మడతకుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఆ కుర్చీకి దిండు కుట్టిచ్చిందే వాడి పెళ్ళాం. మీ పేకాట బృందంలో మిగతా ఇద్దరూ వాడి పక్కనే."

"అబద్ధం!"

"వాళ్ళ ఆడవాళ్ళే చెప్పారు. బయటపెట్టనని మాటిచ్చాను కాబట్టి ఊరుకున్నా. ఇవాళ పిల్ల మొహం చూసి నోరు ఆగలేదు."

ఫెర్మిన్ వారి కనుబొమలు టోపీ లోనికి పోయెను.

"ఉప్పువాగు వంపులోనా? దొంగ వెధవలు! ఆ వంపు వాళ్ళకి చూపించిందే నేను!"

అపుడు, ఓ శ్రోతలారా, శిఖరసీమావిహారదీక్షాబద్ధమును, భోజనకాలసంక్షోభసహిష్ణువును, పుత్రికాతర్కశరపరంపరాదుర్భేద్యమును అగు ఆ తర్జని, అభిమానాగ్నిచే ఉడికి, కదలి, కనుమను విడిచి, ఎత్తుగీతలను ఒక్కటొక్కటిగా దాటుచు, పైన్ వనములు దాటి, గొర్రెల బాట దాటి, చారుమరక యొడ్డున క్షణకాలము తడబడి, దానిని చుట్టి, జారి, దిగి, దిగి, ఉప్పువాగునకు వేలెడెత్తున నిలిచెను.

"వంపులో కాదు. ఇదిగో, ఈ జునిపర్ చెట్ల దగ్గర. ఇక్కణ్ణించి చూస్తే ఆ ముగ్గురి నెత్తులూ కనబడతాయి."

"అక్కడిదాకా ట్రక్కు వెళ్తుందా ఐతా?"

"వెళ్తుంది."

"మరి కుర్చీ?"

ఫెర్మిన్ వారు ఎడమచేత టోపీ తీసి, మోకాలిపై దులిపి, మరల పెట్టుకొనిరి. ఆ పని కొండలు క్షయించుటకు పట్టునంత కాలము సాగినదని మైతేకు తోచెను.

"దిండు మాత్రం వద్దు."

మైతే ఫోను తీసి, ఆయన మనసు మారకమునుపే, ఇద్దరి పేర్లును పంపివేసెను. ఫెర్మిన్ వారు నొప్పి పుట్టిన వేలిని ఎడమచేత నొక్కుకొనుచు అడిగిరి.

"లాటరీలో మన పేర్లు రాకపోతే?"

"వచ్చే ఏడు మళ్ళీ పంపుదాం. వచ్చే ఏడు కూడా వస్తావుగా?"

"రాక చస్తానా," అన్నాడాయన. ఆ మాట అనునపుడు కూతురి ముఖము చూడలేదు గాని, పటముపైనున్న ఆమె చేతిని ఒక్కసారి తట్టెను.

జయము, జయము! అనుమతి ఇంకను రాలేదు. మంచు ఇంకను పడలేదు. వేటకు గురికావలసిన ఆ దీర్ఘశృంగ మృగమునకు ఈ సంగతేమియు తెలియదు. అయినను ఒక చూపుడువేలు పటముపై జానెడు దిగువకు దిగినది. తనంతట తానే దిగినదని ఫెర్మిన్ వారు చెప్పుకొందురు. చెప్పుకొననిండు, మనము కాదనము.