పౌర్ణమి పోటులో చారల చేప

థాంక్స్‌గివింగ్ వారం, సోమవారం పొద్దున, ఎడిసన్‌లో తన ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర సూర్యప్రకాశరావు ఇడ్లీ తింటూ సముద్రపు పోటు వేళల పట్టిక చదువుతున్నాడు. అది 2004. గురువారం పండగ, శుక్రవారం ఆఫీసుకు సెలవు. ఆ శుక్రవారం తెల్లవారే వేళకి పోటు ఎక్కుతూ ఉంటుందని పట్టిక చెబుతోంది.

ఆయనకు కావలసింది ఒక చేప. తినడానికి కాదు. ఆ ఇంట్లో తరతరాలుగా ఎవరూ చేప ముట్టలేదు. స్ట్రైప్డ్ బాస్ అనే ఆ చేపకి ఒంటి పొడవునా చారలుంటాయి. నీళ్ళు చల్లబడగానే ఉత్తరాన్నించి గుంపులుగా బయలుదేరి, చిన్న చేపల్ని తరుముకుంటూ న్యూజెర్సీ ఒడ్డు వెంబడే దక్షిణానికి పోతుంది. ఈ సంగతి ఆయన మూడేళ్ళ క్రితం పంటి డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఒక పత్రికలో చదివాడు. మనిషంత బరువుండగల చేప మనిషికి అంత దగ్గరగా ఎందుకు వస్తుంది? చారలు ఏడా, ఎనిమిదా? దవడ పట్టుకుంటే వేలికి గరుకుగా తగులుతుందన్నది నిజమేనా? పన్ను బాగైంది గానీ ఈ ప్రశ్నలు పోలేదు. ఒక్కసారి చేత్తో పట్టుకుని, చారలు లెక్కపెట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. అంతకు మించి కోరిక లేదు.

మొదటి ఏడు గాలం వేసే రాడ్ కొనే ధైర్యం రాలేదు. రెండో ఏడు కొన్నాడు కానీ ఇంటికి తెచ్చే ధైర్యం రాలేదు. అది ఆఫీసు స్నేహితుడు ఏసుపాదం గరాజ్‌లో ఉంది. ఇది మూడో ఏడు. జనవరిలో దేశానికి అవతలి ఒడ్డున, రెడ్‌మండ్‌లో కొత్త ఉద్యోగం. అక్కడా సముద్రం ఉంది. అందులో ఈ చేప లేదు. పట్టుకుంటే ఇప్పుడే పట్టుకోవాలి.

అడ్డంకి ఆయన భార్య సుధ. బ్యాంకు వాళ్ళిచ్చిన క్యాలెండర్‌లో ఆగస్టు నెలకి చేప బొమ్మ పడితే, ఆ నెలంతా గోడ మీద జూలై నడిపించిన మనిషి. పైగా ఇది కార్తీకమాసం. ఇంట్లో ఉల్లిపాయ కూడా లేదు.

"శుక్రవారం తెల్లవారుజామున ఒకసారి సముద్రానికి వెళ్ళొద్దామని..." అని మొదలుపెట్టాడు. మిగతా సగం ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాడు.

సుధ క్యాలెండర్ వైపు తిరిగింది. వేలు పెట్టి గడి వెతికింది. గరిటె పక్కన పెట్టేసింది.

"కార్తీక పౌర్ణమి! మీకెలా గుర్తుందండీ?"

"పట్టికలో ఉంది" అన్నాడు. అది నిజమే. పౌర్ణమి నాడు పోటు ఎక్కువ.

"పదిహేనేళ్ళ కాపరంలో మీ అంతట మీరు స్నానానికి వెళ్తానన్నది ఇదే మొదలు. వెళ్ళి రండి. నేను వద్దంటానా?"

సూర్యప్రకాశరావు అవుననలేదు, కాదనలేదు. ఇంకో ఇడ్లీ వేయించుకున్నాడు.

మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో ఏసుపాదానికి షరతులు చెప్పాడు. ఏసుపాదానిది చీరాల. నాలుగేళ్ళుగా ఒడ్డు మీంచి గాలం వేస్తున్నాడు.

"మీరు ఎవరితో ఏమైనా చెప్పండి, చేప అన్న మాట మాత్రం రాకూడదు. మా ఆవిడ చెవిన పడితే అయిపోతాను."

"ప్రామిస్ అండీ. కానీ రావుగారూ, నీళ్ళు ఐస్‌లా ఉంటాయి. ఛాతీ దాకా వచ్చే రబ్బరు సూటు కావాలి. నాకొకటుంది. మీకు..." ఏసుపాదం ఆలోచించాడు. "మా చర్చిలో ఒకటుంది. పాస్టర్‌గారు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు తడవకుండా వేసుకుంటారు. అడుగుతానుండండి."

అక్కడే ఫోన్ చేశాడు. సూర్యప్రకాశరావుకు ఇటు మాటలే వినపడ్డాయి.

"పాస్టర్‌గారూ, వందనాలండీ. మన రబ్బరు సూటు శుక్రవారానికి కావాలండీ... లేదండీ, చర్చిలో కాదు, సముద్రంలో. బెల్మార్ బీచ్... మా ఆఫీసు సూర్యప్రకాశరావుగారి కోసమండీ... అవునండీ, ఆయనే... వాళ్ళింట్లో తెలీదండీ, ఎవరితో అనకండి... తెల్లవారకముందే. జనం ఉండకూడదన్నారు... ఎందుకంటే, అది చెప్పకూడదండీ, మాటిచ్చాను."

ఫోన్ పెట్టేసి, "ఇస్తానన్నారు. ఎందుకో గొంతు పూడుకుపోయిందాయనకి" అన్నాడు.

"జలుబేమో" అన్నాడు సూర్యప్రకాశరావు.

పాస్టర్ జోనాథన్‌గారికి జలుబు లేదు. తెలుగువాళ్ళ మొహమాటం ఆయనకు తెలుసు. సూటు అడిగారంటే తనను రమ్మని అడగలేక అడిగినట్టే అని తేల్చుకున్నారు. గురువారం సాయంత్రం సూర్యప్రకాశరావుకే ఫోన్ చేశారు.

"రావుగారూ, నేను ఎక్కువ ప్రశ్నలు వెయ్యను. ఎవరి బలవంతమూ లేదు కదా?"

"అబ్బే. మూడేళ్ళుగా నేనే అనుకుంటున్నానండీ."

"మూడేళ్ళు!" అన్నారు పాస్టర్‌గారు. "భయంగా ఉందా?"

"నీళ్ళంటే కొంచెం ఉందండీ."

"ఏం ఫర్వాలేదు. మేమంతా ఉన్నాం."

సూటు చిరుగుతుందని ఆయన దిగులు కాబోలనుకుని, సూర్యప్రకాశరావు "జాగ్రత్తగా చూసుకుంటానండీ" అని మాటిచ్చాడు.

ఇటు తిరిగేసరికి సుధ వరండాలో ఒత్తులు చేస్తోంది. చాలా ఒత్తులు.

"శశికళకి చెప్పానండీ. మనం కూడా వెళ్దాం సుధా, సముద్రంలో దీపాలు వదులుదాం అంది. ఇంకో ఇద్దరు వస్తారట. మీరు ముందు వెళ్ళి స్నానం కానివ్వండి. మేము సూర్యోదయానికి అందుకుంటాం."

సూర్యప్రకాశరావు పట్టిక మళ్ళీ తీశాడు. సూర్యోదయానికి ముందు గంటన్నర చేతిలో ఉంటుంది. చేపకి అది చాలుననుకున్నాడు.

శుక్రవారం ఇంకా చీకటి ఉండగానే సుధ ఆయన నుదుట కుంకుమ బొట్టు పెట్టి పంపించింది. బెల్మార్‌లో ఇసుక మీద ఇద్దరే ఉన్నారు. చంద్రుడు వెనక ఇళ్ళ మీదికి దిగుతున్నాడు. సూర్యప్రకాశరావు పాస్టర్‌గారి సూటు తొడుక్కుని మోకాళ్ళ లోతులో నిలబడి గాలం విసిరాడు. చివర ఎర చెక్కతో చేసింది. వానపాము గానీ గుల్లమాంసం గానీ ఒప్పుకోలేదు.

"ఎర కూడా శాకాహారమేనా?" అన్నాడు ఏసుపాదం.

"కొరికేది అది. అభ్యంతరం దానికుండాలి."

చేప రాలేదు. ఒక వ్యాన్ వచ్చింది. అందులోంచి పాస్టర్‌గారూ, ఆయన వెనక దుప్పట్లతో, కాఫీ ఫ్లాస్కుతో మరో ఏడుగురూ దిగారు. పాస్టర్‌గారు నీటి అంచుదాకా వచ్చి, సూర్యప్రకాశరావుని పైనుంచి కిందిదాకా చూశారు.

"బ్రదర్, పొరపాటు పడ్డారు. ఆ సూటు నాకు. మీరు తడవాలి."

"నేనెందుకు తడవాలండీ?"

"తడవకుండా ఎలా?"

ఏసుపాదానికి అప్పుడు వెలిగింది. నోరు తెరిచాడు. చేప అన్న మాట అనకూడదని గుర్తొచ్చి మూసుకున్నాడు. ఈలోగా రెండు కార్లు వచ్చి ఆగాయి. పళ్ళెం నిండా నారింజ డిప్పల్లో దీపాలతో సుధ ముందు నడుస్తోంది. వెనక శశికళ, మరో ఇద్దరు.

"ఏవండీ, వీళ్ళెవరు? ఆ రబ్బరు లాగేమిటి?"

పాస్టర్‌గారు ఆమెకు చేతులు జోడించారు. "అమ్మా, మీకూ తెలిసిపోయిందన్నమాట. ఆయన్ని ఏమీ అనకండి."

"నేనేమంటానండీ? బొట్టు పెట్టి పంపిందే నేను."

పాస్టర్‌గారు సూర్యప్రకాశరావు నుదుటి వైపు చూశారు. బొట్టు ఉంది. "బాప్తిస్మానికి బొట్టు పెట్టి పంపారా తల్లీ?" అన్నారు మెల్లగా.

పళ్ళెంలో దీపాలు ఒక పక్కకి జారాయి.

"ఏవిటీ? ఏవండీ! నాతో ఒక్క మాటైనా అనకుండా..."

ఏసుపాదం కాక పన్నెండు మంది ఒడ్డున నిలబడి తన జవాబు కోసం చూస్తున్నారు. అవుననడానికి గౌరవమైన కారణాలు రెండున్నాయి. రెండింట్లో ఏది ఒప్పుకున్నా సగం మంది సంతోషిస్తారు. సూర్యప్రకాశరావు మూడోది చెప్పాడు.

"సుధా, నేను చేప కోసం వచ్చాను."

సుధ జారిన దీపాలు సర్దుకుంది.

"కార్తీకమాసంలో చేపా?" అంది సుధ. "దానికన్నా ఆ పాస్టర్‌గారు చెప్పిందే నయం!"

ఆ క్షణంలో ఆయన వెనక పక్షులు గుంపుగా వాలి నీళ్ళలో పడుతున్నాయి. ఆయన చూడలేదు. చేతిలో రాడ్ వంగింది. అది చూసేలోపు అల వచ్చి వీపు మీద పడింది. రాడ్ ఇసుక మీదికి ఎగిరింది, మనిషి నీళ్ళలోకి పోయాడు. తేలి, "చేప!" అని అరిచాడు. మళ్ళీ మునిగాడు. తేలి, "చేప పడింది!" అన్నాడు. మళ్ళీ మునిగాడు.

"మూడు మునకలయ్యాయి" అంది శశికళ.

పాస్టర్‌గారు కోటుతోనే దిగి, ఒక చెయ్యి మెడ కిందా ఒక చెయ్యి నడుం కిందా వేసి ఆయన్ని పైకి లేపారు. ఆ భంగిమ చూసి ఒడ్డున ఒకావిడ పాట ఎత్తుకోబోయింది. "ఇది కాదమ్మా" అని పాస్టర్‌గారు అక్కణ్ణించే ఆపారు.

ఇసుక మీద రాడ్ తనంతట తాను సముద్రంలోకి నడిచిపోతోంది. ఇంట్లో చెంచా పోయినా ఊరుకోని మనిషి సుధ. పళ్ళెం శశికళ చేతిలో పెట్టి, పరుగెత్తి పట్టుకుంది.

"లాగకండమ్మా!" ఏసుపాదం అరిచాడు. "పోనివ్వండి! అది ఆగినప్పుడు తిప్పండి!"

"ఏది తిప్పాలి?"

"గిలక! గిలక తిప్పండి!"

"ఇది నన్ను లాగుతోందండీ!"

"మడమలు ఇసుకలో దిగెయ్యమ్మా!" పాస్టర్‌గారు నీళ్ళలోంచి కేకేశారు. "తొందరపడొద్దు!"

చర్చి వాళ్ళలో ఇద్దరు సుధ నడుం పట్టుకున్నారు. శశికళ వాళ్ళను పట్టుకుంది. చాలాసేపటికి అల ఒకటి ఆ చేపను తెచ్చి ఇసుక మీద పెట్టింది. ఇంట్లో డైనింగ్ టేబుల్‌లో సగం పొడవుంది. అందరూ చుట్టూ వంగారు.

సూర్యప్రకాశరావు తడి కారుతూ వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొటనవేలు దాని నోట్లో పెట్టి దవడ పట్టుకున్నాడు. గరుకుగానే ఉంది. మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. కళ్ళజోడు అల పట్టుకుపోయింది.

"చారలెన్ని?" అన్నాడు. "ఎవరైనా లెక్కపెట్టండి."

"ఏడు" అన్నారు పాస్టర్‌గారు.

"ఎనిమిది. పొట్ట దగ్గర సన్నంగా ఇంకోటుంది" అంది సుధ. ఇసుక మీద బోర్లా పడుకుని మరీ చూస్తోంది. "మొప్పలు చూడండి ఎలా ఆడిస్తోందో. పాపం, వదిలెయ్యండి."

వదిలేశారు. అది ఒక్కసారి తోక కొట్టి పోయింది. సుధ అది పోయిన వైపే నిలబడి చూసింది. తర్వాత అందరూ చర్చి వాళ్ళ కాఫీ తాగారు. శశికళ దీపాలు వెలిగించింది. గాలికి ఆరిపోతుంటే పాస్టర్‌గారు తడి కోటు అడ్డం పట్టారు.

కళ్ళజోడు లేదు కనుక తిరుగు ప్రయాణంలో సుధ డ్రైవ్ చేసింది. సూర్యప్రకాశరావు దుప్పటి కప్పుకుని, తిట్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. పార్క్‌వే మీద సగం దూరం వచ్చాక ఆవిడ నోరు విప్పింది.

"పట్టి వదిలిపెడితే ప్రాణం పోసినట్టే కదండీ?"

"అనుకోవచ్చు" అన్నాడు జాగ్రత్తగా.

"రేపు కూడా ఉంటాయా అవి?"

"ఉంటాయి. కానీ నాకు కొత్త కళ్ళజోడు సోమవారానికి గానీ రాదు."

"మీకెందుకు? నేను చూసి చెబుతాగా. ఇంకో రెండిటిని కాపాడి వద్దాం."

మర్నాడు నాలుగింటిని కాపాడింది.