అవతలి ఒడ్డు పలికింది

"ఇకనుంచి అవతలి ఒడ్డు అవతల ఉండదు!" అని మంత్రిగారు ప్రకటించారు.

ఆ మాట వినగానే సభలో సగంమంది వెనక్కి తిరిగి నదివైపు చూశారు. ఒడ్డు ఎక్కడిదక్కడే ఉంది. అయినా చప్పట్లు కొట్టాం. అంతటి మనిషి అన్నాక, లోపం ఉంటే మన చూపులో ఉంటుంది గాని ఆయన మాటలో ఉండదు గదా.

నేను ముందు వరసలోనే ఉన్నాను. టెలిఫోను ఎక్స్ఛేంజి గోడా మా ఇంటి గోడా ఒకటే. ఆ ఆఫీసు వరండాలో బల్లమీద నడుం వాల్చే హక్కు నాకు ఎప్పట్నుంచో ఉంది. ఎంతమంది ఆఫీసర్లు మారినా బల్లా నేనూ మారలేదు. కొత్తగా వచ్చిన ఇంజనీరు మా మేడమీది గదిలోనే అద్దెకుంటున్నాడు. అందుచేత కొత్త టెలిఫోను లైను వేసే ఈ మహాకార్యమంతా నా కళ్ళముందే జరిగింది. పేపర్లో వచ్చినదానికీ నేను చెప్పేదానికీ తేడా కనిపిస్తే పేపర్నే నమ్మండి. వాళ్ళు అక్కడికి రాలేదు కాబట్టి పక్షపాతం ఉండదు.

మా ఊరికీ అవతలి ఒడ్డుకీ మధ్య వంతెన లేదు. ఒక లాంచీ ఉంది. అది ఇటువైపే ఉంటుంది. అటువాళ్ళకి అవసరం పడితే ఫోన్ చేస్తారు, లాంచీ నడిపే సరంగు వెళ్ళి ఎక్కించుకొస్తాడు. ఆసుపత్రి కూడా ఇటువైపే. అంటే ఫోనుంటే లాంచీ, లాంచీ ఉంటే డాక్టరు. ఈ మొత్తం ఏర్పాటు ఒక ముసలి రాగితీగ మీద నడిచేది. గాలేస్తే గురగుర, వానొస్తే బరబర. కానీ మాట మాత్రం చేరేది.

అవతలి ఒడ్డు పంచాయితీ ప్రెసిడెంటు స్వయానా మా బావే. మా చెల్లెలి మొగుడు. రోజూ సాయంత్రం ఆ తీగమీద మేమిద్దరం తిట్టుకుంటేగాని మాకు ముద్ద దిగేది కాదు.

"ఏం బావా, ఉన్నావా?"

"నిన్ను సాగనంపకుండా నేనెక్కడికి పోతాను?"

"మా మేనకోడలెలా ఉంది?"

"నెలలు నిండాయి. రేపో మాపో. నొప్పులు మొదలవగానే ఫోన్ చేస్తా, లాంచీ పంపించు."

"పంపిస్తాలే. నీకోసమైతే ఆలోచించేవాణ్ణి."

సరే, కొత్త లైనుకి పెట్టెలు వచ్చాయి. రెండు. ఇంజనీరు వాటిని పసిబిడ్డల్లా విప్పుతూ "మల్టీప్లెక్సర్లు, తాతగారూ" అన్నాడు.

"ఏ సినిమా వేస్తారు నాయనా?"

"సినిమా కాదండీ. ఇటునుంచి వందమంది మాట్లాడే మాటలన్నీ ఈ పెట్టె ఒక కట్ట కడుతుంది. గాజుపోగులోంచి వెలుతురు చేసి అటు పంపుతుంది. అటున్న పెట్టె కట్ట విప్పి ఎవరి మాట వాళ్ళకి పంచుతుంది."

"పంచేటప్పుడు మా బావని తిట్టిన తిట్టు ఇంకొకడికి పోతేనో?"

"పోదు. ఎవరి మాట ఏ దారిన పోవాలో ముందే రాసిపెడతాం. దాన్నే కాన్ఫిగరేషన్ అంటారు."

అబద్ధమెందుకు, కుర్రాడు పనిమంతుడే. ఇనప చట్రంలో ఒక పెట్టెని బిగించాడు. వెంట్రుకకంటే సన్నటి పోగుల్ని చిన్న మిషన్లో పెట్టి, ఊపిరి బిగబట్టి అతికించాడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నాలుగు మీటలు నొక్కాడు. పెట్టె కళ్ళు తెరిచి ఎర్రగా చూసింది.

"అవతలి పెట్టె బిగించగానే ఆకుపచ్చ వెలుగుతుంది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు ఆకస్మిక తనిఖీకి వచ్చారు. ఆకస్మికం అని ముందురోజే పేపర్లో వేశారు. ఆయన చట్రం చుట్టూ తిరిగారు, పెట్టెమీద రెండుసార్లు తట్టారు.

"రెండోదేదయ్యా?"

"అది అవతలి ఒడ్డుకండీ. లాంచీలో తీసుకెళ్తాం."

"ఎందుకూ?"

"దీనికి ఎదురుగా ఇంకోటి ఉండాలి సార్."

"ఎదురుగానే పెట్టు! ఈ గోడకిదీ, ఆ గోడకదీ. దానికి నదెందుకు దాటడం?"

ఇంజనీరు నోరు తెరిచాడు. మంత్రిగారు ఆ నోట్లోకి చూస్తూ చెప్పుకుపోయారు. "అవతల చూసేదెవరయ్యా? విలేకరులు లాంచీ ఎక్కమంటే కళ్ళు తిరుగుతాయంటారు. ప్రజల ఆస్తి ప్రజలకి కనపడాలి. పైగా జంటగా ఉంటే ఆ అందమే వేరు."

"సమన్వయం కూడా బాగుంటుంది సార్" అన్నాడు పీయే. మంత్రిగారికి వచ్చిన ప్రతి ఆలోచనకీ ఒక మంచి మాట తగిలించడం ఆయన ఉద్యోగం.

ఇంజనీరు తెరిచిన నోరు మూసి, మూసిన నోటితోనే "ఎస్సార్" అన్నాడు. ఆ విద్య సర్కారీ కొలువులో ఉన్నవాళ్ళకి తప్ప ఒంటబట్టదు.

ఇక మిగిలింది ఎర్ర లైటు. "ప్రారంభోత్సవం నాడు ఎరుపు కనపడితే నువ్వు ఈ జిల్లాలో కనపడవు" అని పీయే ఎంతో ప్రేమగా చెప్పి వెళ్ళాడు. కుర్రాడు చాలాసేపు గడ్డం గీరుకున్నాడు. తర్వాత ఒక పొట్టి తీగముక్క తీసి, పెట్టెలోంచి బయటికి పోయే దారిని లోపలికొచ్చే దారికే తగిలించాడు. టక్కున ఆకుపచ్చ వెలిగింది.

"ఇదేం మాయ నాయనా?"

"లూప్‌బ్యాక్ అంటారు తాతగారూ. పోయిన మాట అవతలికి పోకుండా మళ్ళీ మనకే వస్తుంది. టెస్టింగుకి వాడతాం. దాని మాట దానికే వినపడేసరికి ఎదురుగా ఎవరో ఉన్నారనుకుంటుంది పిచ్చి పెట్టె."

"అంటే నేను మా బావకి ఫోన్ చేస్తే?"

"మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు."

"మరి రెండో పెట్టె అవతలికి ఎప్పుడు పోతుంది?"

"అదిప్పుడు ప్రదర్శనలో ఉందండీ. కదపాలంటే పైనుంచి ఆర్డరు రావాలి."

పోనీలే, పాత రాగితీగ ఉంది గదా అని నేను ధైర్యంగానే ఉన్నాను. ప్రారంభోత్సవానికి ముందురోజు దానికి వీడ్కోలు సభ పెట్టారు. స్తంభానికి పూలదండ వేశారు. ఆ దండ బరువుకి స్తంభం సిగ్గుపడుతున్నట్టు ఒక పక్కకి ఒరిగింది. మంత్రిగారు తీగ సేవల్ని కొనియాడుతూ కళ్ళు తుడుచుకుని, పళ్ళెంలోంచి కత్తెర అందుకున్నారు.

నేను గబగబా వేదిక దగ్గరికి పోయాను. "అయ్యా, ఒక్క మనవి. అవతల మా మేనకోడలికి నెలలు నిండాయి. ఆ పిల్ల పురుడయ్యేదాకా ఆ పాత తీగని అలా ఉండనివ్వండి."

"పెద్దాయనా, పాతది ఉంటే కొత్తదాని విలువ తెలుస్తుందా?" అని ఆయన మైకులో నా భుజం తట్టారు. అంటే భుజమే తట్టారు, చప్పుడు మైకులో వచ్చింది. "కొత్త లైను వచ్చాక పుట్టే మొట్టమొదటి బిడ్డ మీ ఇంటి బిడ్డే కావాలి! ఇది నా ఆకాంక్ష!"

జనం ఈలలు వేశారు. కటుక్కుమంది.

ఆ సాయంత్రమే ఎక్స్ఛేంజి హాల్లో, అవతలి ఒడ్డుకి చెయ్యబోయే మొదటి కాల్‌కి రిహార్సలు. మంత్రిగారు కొత్త రిసీవరు ఎత్తారు. మాట గోడకున్న స్పీకర్లోంచి అందరికీ వినపడుతుంది. మాట వెంటనే తిరిగొస్తే అనుమానం వస్తుందని ఇంజనీరు కాస్త ఆలస్యం కూడా పెట్టాడు. అవతలివాళ్ళు ఆలోచించి జవాబిస్తున్నట్టు ఉంటుందట.

"హలో! నేను మంత్రిని!"

కాస్త ఆగి స్పీకరు అంది: "హలో! నేను మంత్రిని!"

మంత్రిగారి కనుబొమలు నెత్తికెక్కాయి. "ఎవడయ్యా వీడు? నువ్వు మంత్రివేంటి, నేను మంత్రిని!"

"ఎవడయ్యా వీడు? నువ్వు మంత్రివేంటి, నేను మంత్రిని!"

"నోర్ముయ్!"

"నోర్ముయ్!"

రిసీవరు దభీమని పడింది. వరండాలో ఉన్న నేను కూడా, లూప్‌బ్యాక్ సంగతి మర్చిపోయి, ఆశ్చర్యపోయాను. మా బావ మంత్రినని అనే మనిషి కాదు. మా చెల్లెలి ముందు మనిషినని చెప్పుకోవడానికే జంకుతాడు.

పీయే ఒక్క గెంతులో ముందుకొచ్చాడు. "సార్, ఆయన అవతలి ఒడ్డు ప్రెసిడెంటుగారు. మీరంటే వల్లమాలిన అభిమానం. మీరేదంటే అదే అంటారు."

"అభిమానమా? మరి గొంతులో ఆ పొగరేంటి?"

"అది ఈ గాజుపోగు మహిమ సార్" అన్నాడు ఇంజనీరు నేలచూపులు చూస్తూ. "ఉన్నది ఉన్నట్టు తెస్తుంది."

మంత్రిగారు కారెక్కాక పీయే తల పట్టుకుని కూర్చున్నాడు. "'నేను' అంటే అటునుంచీ 'నేను' అనే వస్తోంది. 'మీరు' అంటే మన మీదికే వస్తోంది. ఏం చెయ్యాలి తాతా?"

"'మనం' అనమనండి" అన్నాను ఊరికే ఉండలేక. "దాన్ని ఎటు తిప్పినా మర్యాదగానే ఉంటుంది."

పీయే నన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు. ప్రసంగంలోంచి 'నేను'లూ 'మీరు'లూ ఏరి పారేసి, అంతా 'మనం'తో నింపాడు. నిజం చెప్పాలంటే ప్రసంగం అంతకుముందుకంటే బాగుంది.

మర్నాడు రేవు ఒడ్డునే వేదిక. రెండు పెట్టెల్నీ ఎదురెదురుగా నిలబెట్టారు. ఒకదానికి ఆకుపచ్చ లైటు వెలిగింది. రెండోదానికి ఆకుపచ్చ కాయితం అంటించారు. ఊళ్ళో ఆఫీసర్లందరూ వేదికమీదే ఉండాలని ఆర్డరు కాబట్టి ఆసుపత్రి డాక్టరమ్మ కూడా ఆఖరి కుర్చీలో బాడ్జీ పెట్టుకుని కూర్చుంది.

సరంగు కొత్త టోపీతో నా పక్కన చేరాడు.

"ఏరా, అవతలినుంచి ఫోనొచ్చిందా?"

"ఒక్కటీ లేదు తాతా. నిన్న తీగ కోసినప్పట్నుంచీ ఎంత ప్రశాంతంగా ఉందో! అందరూ క్షేమమన్నమాట."

వాడి చెయ్యి పట్టుకున్నాను. "ఒక్కసారి వెళ్ళి చూసిరారా, నీకు పుణ్యముంటుంది."

"ఫోను రాకుండా లాంచీ కదపకూడదు గదా. పైగా ఇవాళ దానికి సీరియల్ బల్బులు చుట్టారు. లాంచీ కదిలితే వేదికమీద కరెంటు పోద్ది."

ఇంతలో మంత్రిగారు రిసీవరు ఎత్తారు. "అవతలి ఒడ్డు ప్రెసిడెంటుగారు లైన్లో ఉన్నారు!" అని పీయే మైకులో అరిచాడు.

"మనం సాధించాం!" అన్నారు మంత్రిగారు.

"మనం సాధించాం!" అంది లౌడ్‌స్పీకరు. జనం హోరెత్తిపోయారు.

"మన మధ్య దూరం పోయింది!"

"మన మధ్య దూరం పోయింది!"

అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ ఉత్సాహం వచ్చాక కాయితంలో ఉన్నది చదవడం నాయకుల లక్షణం కాదు. "మన పాలన ఎలా ఉంది?" అని అడిగేశారు.

"మన పాలన ఎలా ఉంది?" అని అవతలినుంచి ప్రశ్న వచ్చింది.

పీయే ముఖం తెల్లబోయింది. ఇంజనీరు కళ్ళు మూసుకున్నాడు. మంత్రిగారు మాత్రం తడుముకోలేదు. "బ్రహ్మాండంగా ఉంది!"

"బ్రహ్మాండంగా ఉంది!"

ఆ చప్పట్లకి రేవులో కొంగలు లేచిపోయాయి. వాటివైపు చూసిన నాకు ఒక పడవ కనపడింది. తెడ్డు వేస్తున్నది మా బావ. మేనకోడలు పడవ అడుగున పడుకుని ఉంది. చెల్లెలు ఒళ్ళో ఏదో గుడ్డలమూట పట్టుకుని ఉంది. మూట ఏడుస్తోంది.

వయసు మర్చిపోయి మెట్లు దిగాను. "ఏం బావా!"

"నడినీళ్ళలో కన్నది బావా. పిల్ల బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగడంలేదు, కళ్ళు తేలేస్తోంది. రాత్రంతా ఫోను తిప్పాను. నా కేకే నాకూ వినపళ్ళేదు. డాక్టరమ్మేదీ?"

పైకి చూపించాను. మా బావ తడిబట్టలతో, అరచేతులు పగిలి, రెండేసి మెట్లు ఎక్కి వేదిక దగ్గరికి పరుగెత్తాడు. పీయే తాడు అడ్డం పెట్టాడు. "కాల్ అయ్యేదాకా ఎవరూ ఎక్కడానికీ దిగడానికీ వీల్లేదు. ప్రోటోకాల్."

మా బావ తాడు కిందనుంచి దూరి మంత్రిగారి ముందు నిలబడ్డాడు. "అయ్యా, అవతలి ఒడ్డు ప్రెసిడెంటుని. నా కూతురు చావుబతుకుల్లో ఉంది. డాక్టరమ్మని పంపండి."

మంత్రిగారు రిసీవరు చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే అతన్ని ఎగాదిగా చూశారు.

"కాస్త ఆగవయ్యా. ఇక్కడ పెద్దమనుషులం మాట్లాడుకుంటుంటే!"

ఆ మాట అటు పోయినట్టు పోయి ఇటు తిరిగొచ్చేలోపు డాక్టరమ్మ చెప్పులు వదిలేసి, వేదికమీంచి దూకి, రేవు మెట్లు సగం దిగిపోయింది. మా బావ ఆమె వెనకే పరుగెత్తాడు.

"కాస్త ఆగవయ్యా. ఇక్కడ పెద్దమనుషులం మాట్లాడుకుంటుంటే!" అంది లౌడ్‌స్పీకరు.

మంత్రిగారు రిసీవరుకి చెయ్యి అడ్డంపెట్టి, పీయే వైపు వంగి, ఎంతో జాలిగా అన్నారు.

"పాపం, ఆయన దగ్గరికీ ఎవడో వచ్చాడయ్యా."